ఫోను వచ్చు, కంప్యూటర్ రాదు అనేవాళ్లకు: మొదటి వారంలో నేర్చుకోవాల్సినవి

కావలిలో మా వీధి చివర ఎరువుల షాపు అన్న ఒకాయన ఉన్నారు. కొడుకు వాడి వదిలేసిన కంప్యూటర్‌ను షాపులో పెట్టుకుని, అప్పుల పుస్తకం మొత్తం అందులోకి ఎక్కించాలని కూర్చున్నారు. మూడు రోజులు కష్టపడి నలభై మంది రైతుల ఖాతాలు కొట్టారు. నాలుగో రోజు నాకు ఫోను చేసి, "అమ్మా, నేను కొట్టిందంతా యాడికి పోయింది?" అన్నారు. గొంతు వణుకుతోంది. వెళ్లి చూస్తే లెక్కలు ఎక్కడికీ పోలేదు. 'డాక్యుమెంట్స్' అనే ఫోల్డర్‌లో, అంటే కాగితాలు పెట్టుకునే అర లాంటి చోట, 'బుక్1' అన్న పేరుతో భద్రంగా ఉన్నాయి. అలాంటి చోటు ఒకటి ఉందని ఆయనకు అంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఫోను బాగా వాడేవాళ్లకే ఈ చిక్కు ఎక్కువ. ఫోనులో ఫొటో తీస్తే గ్యాలరీలో కనిపిస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన బిల్లు వాట్సాప్‌లోనే తెరుచుకుంటుంది. అది ఫోను లోపల ఏ మూల ఉందో తెలియకుండానే ఏళ్లు గడిచిపోతాయి. కంప్యూటర్ దగ్గర అలా కుదరదు. ఏ కాగితం ఎక్కడ పెట్టాలో, దానికి ఏ పేరు రాయాలో మీరే చెప్పాలి. అందుకే ఇక్కడ ఆ సంగతికే ఎక్కువ చోటు ఇచ్చాను. మిగతావి వాడుతుంటే చేతికి వచ్చేస్తాయి.

రోజుకు ముప్పావు గంట చాలు. పక్కన ఒక నోటుబుక్కు, పెన్ను పెట్టుకోండి. కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రామ్ పేరు విండోస్. నేను విండోస్ 11 ప్రకారం చెబుతున్నాను. విండోస్ 10లోనూ చాలావరకు ఇలాగే ఉంటుంది, కానీ అది వాడేవాళ్లు చివరి భాగం తప్పకుండా చదవండి. మెనూలన్నీ తెలుగులోకి మార్చుకునే వీలు విండోస్‌లో ఉంది. అయినా మొదట్లో ఇంగ్లీషులోనే ఉంచమని నా సలహా. మీకు సాయం చేసే పిల్లలకైనా, రిపేరు చేసే అబ్బాయికైనా 'సేవ్', 'కాపీ', 'ఫోల్డర్' అన్న మాటలే అలవాటు.

మొదటి రోజు: వేయడం, ఆపడం

ముందు గోడ స్విచ్, తర్వాత యూపీఎస్ బటన్, తర్వాత సీపీయూ అని మనం పిలిచే డబ్బా మీద ఉన్న పవర్ బటన్. ఈ వరసలో వేయండి. మానిటర్‌కు కూడా విడిగా ఒక బటన్ ఉంటుంది. డబ్బాలో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వస్తూ తెర మాత్రం నల్లగా ఉంటే, ముందు ఆ బటన్, దాని వెనక వైరు చూసుకోండి. రిపేరుకు తీసుకెళ్లిన కంప్యూటర్‌లో లోపం ఏమీ లేక, ఆ వైరు వదులైందని తేలిన సందర్భాలు నేను చాలా చూశాను.

కాసేపటికి పాస్‌వర్డ్ గానీ పిన్ గానీ అడుగుతుంది. కొట్టి ఎంటర్ నొక్కితే మొదటి తెర వస్తుంది. దాన్నే డెస్క్‌టాప్ అంటారు. అడుగున ఉన్న పట్టీ పేరు టాస్క్‌బార్. దాని మీద నాలుగు చిన్న గళ్లతో నీలం రంగు గుర్తు ఉంటుంది. అది స్టార్ట్ బటన్.

ఈరోజు ఇంకేమీ ముట్టుకోకుండా ఆపడం నేర్చుకోండి. స్టార్ట్ నొక్కండి, అక్కడ కనిపించే పవర్ గుర్తు నొక్కండి, 'షట్ డౌన్' నొక్కండి. తెర ఆరిపోయి, డబ్బాలో ఫ్యాన్ చప్పుడు ఆగాక యూపీఎస్ ఆపండి. టీవీలాగా నేరుగా గోడ దగ్గర కట్టేయకూడదు. మనకు కనిపించకపోయినా కంప్యూటర్ లోపల డిస్కు మీద ఏదో ఒకటి రాసుకుంటూనే ఉంటుంది. ఆ రాత మధ్యలో కరెంటు తీసేస్తే ఫైలు సగంలో తెగిపోయి పాడయ్యే ప్రమాదం ఉంది. వేయడం, ఆపడం మూడుసార్లు చేసి లేవండి.

కరెంటు పోతే మీ యూపీఎస్ ఇచ్చేది కొన్ని నిమిషాలే. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఆ నిమిషాల్లో పని ముగించుకుందామని చూడకండి. పని సేవ్ చేసి షట్ డౌన్ చేయడానికే ఆ సమయం.

రెండో రోజు: మౌస్‌తో ముగ్గు

మా పిన్నికి 61 ఏళ్లు. మౌస్ పట్టుకుంటే బాణం ఒకచోట, ఆమె చూపు ఒకచోట. రెండు రోజులు చూసి, పెయింట్ తెరిచి "ఇందులో ముగ్గు వేయి పిన్నీ" అన్నాను. సాయంత్రానికి చేయి కుదిరింది. అప్పటినుంచి అందరికీ ఇదే దారి చెబుతున్నాను.

కీబోర్డు మీద అడుగు వరసలో విండోస్ గుర్తున్న మీట ఉంటుంది. దాన్ని ఒకసారి నొక్కి వదిలి, పెయింట్ అని ఇంగ్లీషు అక్షరాలతో కొట్టండి. పేరు కనిపించగానే ఎంటర్ నొక్కండి. ఏ ప్రోగ్రామ్ తెరవాలన్నా ఇదే పద్ధతి. గుర్తు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు, పేరు తెలిస్తే చాలు.

ఇప్పుడు అయిదు చుక్కల చొప్పున అయిదు వరసలు పెట్టండి. చుక్క పెట్టాలంటే ఎడమ బటన్ ఒకసారి నొక్కి వదలడం. అది క్లిక్. గీత గీయాలంటే ఎడమ బటన్ నొక్కిపట్టి మౌస్‌ను లాగడం. అది డ్రాగ్. గీత వంకర పోతే కంట్రోల్ మీట పట్టుకుని జెడ్ నొక్కండి, వేసింది వెనక్కి పోతుంది. చుక్కలన్నీ కలిపాక, పైన రంగు డబ్బా బొమ్మ ఉన్న పనిముట్టు తీసుకుని గళ్లలో రంగులు నింపండి. గీత ఎక్కడైనా కలవకపోతే రంగు బయటికి కారిపోయి పేజీ అంతా పరుచుకుంటుంది. కంగారు పడకండి, మళ్లీ కంట్రోల్, జెడ్.

మౌస్‌కు ఇంకో రెండు పనులున్నాయి. గబగబా రెండుసార్లు నొక్కితే డబుల్ క్లిక్, అది దేన్నయినా తెరుస్తుంది. వేళ్లు అంత వేగంగా ఆడకపోతే ఒక్కసారి క్లిక్ చేసి ఎంటర్ నొక్కండి, అదే ఫలితం. రెండోది కుడి బటన్. ఏ వస్తువు మీదైనా కుడి క్లిక్ చేస్తే, దానితో ఏమేం చేయవచ్చో ఒక పట్టిక తెరుచుకుంటుంది. ఏం చేయాలో తోచనప్పుడు కుడి క్లిక్ చేసి చదవండి. చదివినందుకు ఏమీ పాడవదు.

ముగ్గు చెరపకండి. ఇప్పుడే దానితో ఇంకో పని ఉంది.

పలక, నోటుపుస్తకం

చిన్నప్పుడు మనమంతా మార్కాపురం పలకల మీద దిద్దినవాళ్లమే. పలక మీద ఎంతైనా రాయొచ్చు, కానీ చేయి తగిలితే పోతుంది. నిలవాలంటే నోటుపుస్తకంలోకి ఎక్కించాలి. కంప్యూటర్‌లో కూడా ఈ రెండూ ఉన్నాయి. మీరు కొడుతున్నది, గీస్తున్నది ముందు ర్యామ్ అనే పలక మీద ఉంటుంది. కరెంటు పోగానే అది తుడిచిపెట్టుకుపోతుంది. హార్డ్ డిస్కు గానీ, ఈమధ్య దాని బదులు వస్తున్న ఎస్‌ఎస్‌డీ గానీ నోటుపుస్తకం. పలక మీది రాతను పుస్తకంలోకి ఎక్కించడమే సేవ్.

పెయింట్ తెరిచే ఉంది కదా. కంట్రోల్ పట్టుకుని ఎస్ నొక్కండి. ఒక చిన్న కిటికీ వస్తుంది. కొత్తవాళ్లు దీన్ని చదవకుండా ఎంటర్ కొట్టేస్తారు, ఎరువుల షాపు అన్న చేసింది అదే. అది మిమ్మల్ని రెండే ప్రశ్నలు అడుగుతోంది. ఎక్కడ పెట్టమంటారు? ఏ పేరు రాయమంటారు? ఎడమ వైపు 'పిక్చర్స్' నొక్కండి. కింద పేరు రాసే చోట ఉన్నది చెరిపి మీ పేరు, ముగ్గు అని కలిపి కొట్టండి. ఆ రెండు జవాబులూ నోటుబుక్కులో రాసుకోండి. తర్వాత 'సేవ్' నొక్కండి.

ఇకపై ఏ పని చేస్తున్నా అయిదు నిమిషాలకోసారి కంట్రోల్, ఎస్. రెండోసారి నుంచి ప్రశ్నలు అడగదు, అదే చోట అదే పేరుతో కొత్త రాత ఎక్కించేస్తుంది. పాత ముగ్గు అలాగే ఉంచి మార్పులు చేసింది విడిగా కావాలనుకుంటే 'ఫైల్' మెనూలో 'సేవ్ యాజ్' తీసుకుని ఇంకో పేరు ఇవ్వండి.

మూడో రోజు: కిటికీలు

ఇది తేలిక. తెరిచిన ప్రతి ప్రోగ్రామూ ఒక కిటికీ. కుడి పక్క పైన మూడు గుర్తులుంటాయి. అడ్డగీత నొక్కితే కిటికీ కిందికి దిగి టాస్క్‌బార్‌లో దాక్కుంటుంది, పని మాత్రం అలాగే ఉంటుంది. గడి నొక్కితే తెరంతా నిండుతుంది. ఇంటూ గుర్తు నొక్కితే మూసుకుపోతుంది. సేవ్ చేయని పని ఉంటే మూసే ముందు అడుగుతుంది. అప్పుడు వచ్చే 'డోంట్ సేవ్' అన్న మాటను జాగ్రత్తగా చదవండి. అది నొక్కితే పలక తుడిచినట్టే.

ఆల్ట్ మీట పట్టుకుని ట్యాబ్ నొక్కుతూ పోతే ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి మారవచ్చు. విండోస్ మీట, డి కలిపి నొక్కితే అన్నీ దిగిపోయి డెస్క్‌టాప్ కనిపిస్తుంది. విండోస్ మీట, ఎడమ బాణం కలిపి నొక్కితే కిటికీ సగం తెరకు సర్దుకుంటుంది. ఒక సగంలో బిల్లు, ఇంకో సగంలో లెక్కల పట్టిక పెట్టుకుని పనిచేయడానికి ఇది ఎంత హాయో వాడితే తెలుస్తుంది.

నాలుగు, అయిదు రోజులు: ఇంట్లో బీరువా సర్దినట్టు

విండోస్ మీట, ఇ కలిపి నొక్కండి. తెరుచుకున్నది ఫైల్ ఎక్స్‌ప్లోరర్. ఎడమ పక్క వరసగా డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఉంటాయి. ఇవి విండోస్ ముందే చేసి ఇచ్చిన ఫోల్డర్లు. 'పిక్చర్స్' నొక్కండి. మీ ముగ్గు కనిపిస్తుంది. ఇక్కడ ఒక నిమిషం ఆగండి. మొన్న మీరు ఒకచోట పెట్టారు, ఈరోజు ఇంకో దారిలో వచ్చి అదే చోట చూశారు. కంప్యూటర్ నేర్చుకోవడంలో నాకు ముఖ్యమైన ఘట్టం ఇదే. ఇది అర్థమైన మనిషికి ఇక భయం ఉండదు.

అందులోనే 'దిస్ పీసీ' నొక్కితే సి డ్రైవ్ కనిపిస్తుంది, కొన్నిట్లో డి కూడా ఉంటుంది. ఎ, బి ఏమయ్యాయని పిల్లలు అడుగుతారు. తొలిరోజుల్లో ఆ రెండు అక్షరాలూ ఫ్లాపీ డిస్కులకు ఇచ్చారు. ఫ్లాపీలు పోయాయి, హార్డ్ డిస్కుకు సి మిగిలింది. సి డ్రైవ్ లోపల 'విండోస్', 'ప్రోగ్రామ్ ఫైల్స్' అనే ఫోల్డర్లను ముట్టుకోకండి. అవి ఇంటి పునాది లాంటివి. మన సామాను పెట్టుకోవడానికి డాక్యుమెంట్స్ ఉంది.

ఇప్పుడు సర్దుదాం. డాక్యుమెంట్స్ తెరిచి, ఖాళీ చోట కుడి క్లిక్ చేసి 'న్యూ', అందులో 'ఫోల్డర్' నొక్కండి. పేరు 'పొలం' అని ఇవ్వండి. అలాగే 'ఇల్లు', 'పిల్లల చదువు'. 'పొలం' తెరిచి లోపల 'పాస్ పుస్తకం', 'రబీ', 'ఎడగారు' (మా నెల్లూరు వైపు రెండో పంట) అని మూడు చేయండి. రొయ్యల చెరువులున్నవాళ్లు చెరువుకొక ఫోల్డర్, పొగాకు వేసేవాళ్లు వేలం చిట్టీలకొక ఫోల్డర్ పెట్టుకోండి. ఎలా పంచాలన్నదానికి నియమం ఏమీ లేదు. ఆరు నెలల తర్వాత మీరు ఏ పేరుతో వెతుక్కుంటారో ఆ పేరు పెట్టండి. అయితే ఫోల్డర్ లోపల ఫోల్డర్ మూడు అంతస్తులు దాటనివ్వకండి, వెతకడం కష్టమవుతుంది.

బ్రౌజర్‌లో భూమి రికార్డుల మీభూమి సైట్ నుంచి 1బి గానీ అడంగల్ గానీ దింపుకుంటే అది డౌన్‌లోడ్స్‌లోకి వస్తుంది. నెట్‌లో దింపిన ప్రతిదీ మామూలుగా అక్కడికే వస్తుంది. డౌన్‌లోడ్స్ మన ఇంటి వసారా. సరుకు అక్కడ దిగుతుంది, కానీ అక్కడే వదిలేస్తే నెలకు వసారా నిండిపోతుంది. ఆ ఫైలు మీద ఒకసారి క్లిక్ చేసి కంట్రోల్, ఎక్స్ నొక్కండి. 'పొలం' లోపలి 'పాస్ పుస్తకం' ఫోల్డర్ తెరిచి కంట్రోల్, వి నొక్కండి. ఫైలు అక్కడికి మారిపోయింది. ఎక్స్ బదులు సి నొక్కి ఉంటే రెండు చోట్లా చెరొక కాపీ ఉండేది. రెండు కాపీలుంటే ఒకదాన్ని దిద్ది, రెండోదాన్ని ప్రింటు తీసే ప్రమాదం ఉంది. అందుకే ఇంట్లోనే చోటు మార్చేటప్పుడు ఎక్స్, పెన్‌డ్రైవ్‌కు తీసుకెళ్లేటప్పుడు సి.

పేరు మార్చాలంటే ఫైలు మీద క్లిక్ చేసి ఎఫ్2 మీట. తేదీ రాసేటప్పుడు ఏటవాలు గీత పెడితే విండోస్ ఒప్పుకోదు. ఆ గీత, ప్రశ్న గుర్తు, నక్షత్రం గుర్తు, రెండు చుక్కల గుర్తు ఫైలు పేర్లలో పనికిరావు. దానికో మంచి మార్గం ఉంది. ఏడాది ముందు, తర్వాత నెల, తర్వాత రోజు రాయండి: '2025-11-08 యూరియా బిల్లు'. ఇలా రాస్తే పేర్ల వరసలో పెట్టినప్పుడు బిల్లులన్నీ తేదీల ప్రకారం వాటంతటవే సర్దుకుంటాయి. రోజు ముందు రాస్తే జనవరి 8, నవంబర్ 8 పక్కపక్కన చేరతాయి. ఫైళ్లకు తెలుగు పేర్లు నిక్షేపంగా పెట్టుకోవచ్చు.

ఎక్స్‌ప్లోరర్ పైన 'వ్యూ' నొక్కి, 'షో'లోకి వెళ్లి 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' అన్నదానికి టిక్కు పెట్టండి. ఇది విండోస్ దాచిపెడుతుంది, ఎందుకు దాస్తుందో గానీ నాకు అది నచ్చదు. ప్రతి ఫైలు పేరు చివర చుక్క తర్వాత మూడు నాలుగు అక్షరాలుంటాయి. పీడీఎఫ్ అంటే చదివే కాగితం, జేపీజీ అంటే ఫొటో, డాక్స్ అంటే వర్డ్ ఫైలు, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అంటే లెక్కల పట్టిక. ఈఎక్స్‌ఈ అంటే అది కాగితం కాదు, నడిచే ప్రోగ్రామ్. ఈమెయిల్‌లో బిల్లు అని వచ్చి, చివర ఈఎక్స్‌ఈ కనబడితే దాన్ని తెరవకండి. ఆ చివరి అక్షరాలు కనిపించేలా పెట్టుకున్న మనిషి ఇలాంటి మోసాన్ని పట్టేస్తాడు.

ఇక నాకు జరిగింది చెబుతాను. ఒకసారి దరఖాస్తు ఒకటి తయారుచేసి, డెస్క్‌టాప్ మీద కనిపిస్తున్న గుర్తును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని బస్సెక్కి నెల్లూరు వెళ్లాను. జిరాక్స్ షాపులో పెట్టి తెరిస్తే ఏమీ రాలేదు. అది ఫైలు కాదు, షార్ట్‌కట్. గుర్తు ఎడమ మూల చిన్న వంపు బాణం ఉంటే అది అసలు వస్తువు ఉన్న చోటుకు దారి చూపే బోర్డు మాత్రమే. బోర్డును పట్టుకెళితే ఇల్లు రాదు కదా. ఆరోజు చివరి తేదీ. మళ్లీ కావలి వచ్చి తీసుకెళ్లేసరికి కౌంటర్ మూసేశారు. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాక, దాన్ని పీకే ముందు, పెన్‌డ్రైవ్ లోపలికే వెళ్లి ఆ ఫైలును ఒకసారి తెరిచి చూడండి. ఇంకో కంప్యూటర్ ఏదైనా దగ్గర్లో ఉంటే దానిలో పెట్టి చూస్తే మరీ మంచిది.

డిలీట్ చేసినది ముందు రీసైకిల్ బిన్‌లోకి వెళుతుంది. అది తెరిచి, ఫైలు మీద కుడి క్లిక్ చేసి 'రిస్టోర్' అంటే పాత చోటుకే తిరిగి వస్తుంది. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కితే మాత్రం బిన్‌లోకి వెళ్లదు, ఒకేసారి పోతుంది. పెన్‌డ్రైవ్‌లో డిలీట్ చేసినవి కూడా మామూలుగా బిన్‌లోకి రావు.

ఫైలు కనబడకపోతే ఈ వరసలో వెతకండి. ముందు ఎక్స్‌ప్లోరర్‌లో 'హోమ్' నొక్కండి, ఈమధ్య తెరిచినవి అక్కడ వరసగా ఉంటాయి. అక్కడ లేకపోతే డౌన్‌లోడ్స్ తెరిచి, 'సార్ట్' నొక్కి 'డేట్ మాడిఫైడ్' ఎంచుకోండి, కొత్తవి పైకి వస్తాయి. తర్వాత డాక్యుమెంట్స్ తెరిచి పైన కుడి పక్క వెతికే గడిలో పేరులో గుర్తున్న ముక్క కొట్టండి. చివరికి రీసైకిల్ బిన్. పదిసార్లలో తొమ్మిదిసార్లు మొదటి రెండు చోట్లలోనే దొరుకుతుంది.

ఇంకొక్క మాట. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వస్తే, మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ అనే ఇంటర్నెట్ గోదాములోకి కూడా ఎక్కుతుండవచ్చు. అందులో ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. అది నిండిపోయిందని హెచ్చరిక వస్తే కంప్యూటర్ నిండిపోయిందని అనుకోకండి. డబ్బు కట్టే ముందు వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో ఏ ఫోల్డర్లు ఎక్కుతున్నాయో చూసి, అక్కర్లేనివి ఆపండి.

ఆరో రోజు: తెలుగులో కొట్టడం

సెట్టింగ్స్ తెరిచి 'టైమ్ అండ్ లాంగ్వేజ్', అందులో 'లాంగ్వేజ్ అండ్ రీజియన్', అక్కడ 'యాడ్ ఎ లాంగ్వేజ్' నొక్కి తెలుగు ఎంచుకోండి. ఆ తర్వాత తెలుగు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, 'లాంగ్వేజ్ ఆప్షన్స్'లో 'తెలుగు ఫొనెటిక్' కీబోర్డు కలపండి. ఇది 2019 నుంచి విండోస్‌లోనే ఉంది, విడిగా ఏదీ దింపుకోనక్కర్లేదు. ఇంగ్లీషు నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లీషుకు మారడానికి విండోస్ మీట, స్పేస్ బార్ కలిపి నొక్కండి.

వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్నవాళ్లకు ఫొనెటిక్ వెంటనే వచ్చేస్తుంది. రోజూ పేజీలకు పేజీలు కొట్టాల్సినవాళ్లు ఇన్‌స్క్రిప్ట్ అనే ఇంకో కీబోర్డు పద్ధతి నేర్చుకోండి. ఇందులో గుణింతపు గుర్తులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. కె, ఇ, బి, ఎన్, ఎఫ్ మీటలు వరసగా నొక్కితే 'కావలి' అని పడుతుంది. అయిదే మీటలు. పదిహేను రోజులు ఓపిక పడితే వేగం దానికదే వస్తుంది.

డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టించుకున్న పాత ఫైలు మీ కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఫైలు పాడవలేదు. అది ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ పద్ధతిలో కొట్టింది కాదు, ఆ ఫాంటు లేని చోట చదవలేం. ఇకపై ఏది కొట్టించుకున్నా యూనికోడ్‌లో కావాలని అడగండి. ఉచితంగా దొరికే యూనికోడ్ తెలుగు ఫాంట్లు చాలా ఉన్నాయి. వాటిలో పొట్టి శ్రీరాములు గారి పేరుతో కూడా ఒకటి ఉంది. 2008లో మన నెల్లూరు జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం కదా, ఆ ఫాంటుతో ఒక ఉత్తరం కొట్టి చూసుకుంటే నాకు సంతోషంగా అనిపించింది. దింపుకున్న ఫాంటు ఫైలును డబుల్ క్లిక్ చేసి 'ఇన్‌స్టాల్' నొక్కితే చాలు.

ఏడో రోజు: ఫోను నుంచి కంప్యూటర్‌కు

ఫోను ఛార్జర్ వైరును కంప్యూటర్‌కు తగిలించండి. ఫోను తెర పైనుంచి కిందికి లాగితే యూఎస్‌బీ గురించి ఒక మాట కనిపిస్తుంది. దాన్ని నొక్కి 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకోండి. అది కనిపించకపోతే వైరు ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే రకం కావచ్చు, ఇంకొకటి పెట్టి చూడండి. ఇప్పుడు 'దిస్ పీసీ'లో ఫోను పేరు వస్తుంది. దాని లోపల 'డీసీఐఎం', అందులో 'కెమెరా'. మీరు తీసిన ఫొటోలన్నీ అక్కడ ఉన్నాయి. కావాల్సినవి ఎంచి కంట్రోల్, సి. పిక్చర్స్‌లో అవి ఏ సందర్భానివో ఆ పేరుతో ఫోల్డర్ చేసి కంట్రోల్, వి. కాపీ అయినవి తెరిచి చూసుకున్నాకే ఫోనులోవి తీసేయండి.

నెట్ సెంటర్లో వాట్సాప్ వెబ్ తెరిచి కాగితాలు ప్రింటు తీయించుకునేవాళ్లకు ఒక మాట. ఒకసారి ఒక సెంటర్లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే, ముక్కూమొహం తెలియని ఎంతోమంది ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాలు అందులో కనిపించాయి. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో పెట్టినవి కావు, ఎవరూ తీయలేదు, అంతే. మీ పని అవగానే మీ ఫైలును డౌన్‌లోడ్స్ నుంచి షిఫ్ట్, డిలీట్‌తో తీసేయండి. మీ ఫోనులో వాట్సాప్ తెరిచి 'లింక్డ్ డివైసెస్'లోకి వెళ్లి ఆ కంప్యూటర్‌ను లాగౌట్ చేయండి. ఈ రెండూ చేసి గానీ కుర్చీలోంచి లేవకండి.

పెన్‌డ్రైవ్ పీకే ముందు 'దిస్ పీసీ'లో దాని మీద కుడి క్లిక్ చేసి 'ఎజెక్ట్' అనండి.

కంప్యూటర్ బిగుసుకుపోతే, బెదిరిస్తే

ఏది నొక్కినా కదలకపోతే ముందు రెండు నిమిషాలు ఆగండి. టెన్షన్‌లో అదేపనిగా క్లిక్ చేస్తే ఆ క్లిక్‌లన్నీ వరసలో చేరి ఇంకా ఆలస్యమవుతుంది. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. కదలని ప్రోగ్రామ్ మీద క్లిక్ చేసి 'ఎండ్ టాస్క్' నొక్కండి. దానిలో సేవ్ చేయని పని పోతుంది, మిగతావి నిలుస్తాయి. అదీ కుదరకపోతేనే పవర్ బటన్‌ను కొన్ని సెకన్లపాటు నొక్కిపట్టి ఆపండి.

ఎప్పుడైనా తెర నిండా ఎర్రటి హెచ్చరిక వచ్చి, మోత మోగి, మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోను చేయండి అని కనిపిస్తే, చేయకండి. విండోస్ హెచ్చరికల్లో ఫోను నంబరు ఉండదు. అది బ్రౌజర్‌లో తెరుచుకున్న ఒక దొంగ పేజీ. ఆల్ట్, ఎఫ్4 నొక్కి మూసేయండి, మూసుకోకపోతే పైన చెప్పిన టాస్క్ మేనేజర్‌తో బ్రౌజర్‌ను ఆపండి. ఫోనులో ఎవరైనా మీ చేత ఏదైనా యాప్ వేయించి మీ తెరను వాళ్లు చూస్తామంటే, ఆ మాట దగ్గరే ఫోను పెట్టేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి. ఈ నంబరు ఇంట్లో గోడ మీద రాసిపెట్టండి. ఎంత త్వరగా చెబితే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

విండోస్ 10 ఉన్న పాత కంప్యూటర్లకు

విండోస్ 10 వచ్చింది 2015లో. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు మద్దతు ముగిసింది. కంప్యూటర్ పనిచేస్తూనే ఉంటుంది, కానీ దొంగలు కొత్తగా కనిపెట్టే కంతలను పూడ్చే అప్‌డేట్లు రావు. ఇళ్లలో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు మైక్రోసాఫ్ట్ చేసింది. విండోస్ 11 ఎక్కాలంటే 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కుతోపాటు టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్, కొంత కొత్త ప్రాసెసర్ కావాలి. మీదానికి అర్హత ఉందో లేదో 'పీసీ హెల్త్ చెక్' అనే మైక్రోసాఫ్ట్ యాప్ చెబుతుంది.

అర్హత లేకపోతే కంప్యూటర్‌ను పాత సామాన్లవాడికి ఇవ్వాల్సిన పనిలేదు. విండోస్ బదులు కంప్యూటర్‌ను నడిపే లినక్స్ ఉంది. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన పని ఇప్పుడు ప్రపంచమంతా కలిసి చేస్తున్నది. లినక్స్‌లో రకాలు చాలా ఉన్నాయి. విండోస్ నుంచి వచ్చేవాళ్లకు లినక్స్ మింట్ సులువని నా అనుభవం. పూర్తిగా ఉచితం. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 ఉంటే హాయిగా నడుస్తుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, ముందు కంప్యూటర్‌లో ఏమీ మార్చకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు. శబ్దం వస్తోందా, వైఫై కలుస్తోందా, ప్రింటర్ కదులుతోందా అన్నీ చూసుకుని నచ్చితేనే ఎక్కించుకోండి. ఫోల్డర్లు, కాపీ, సేవ్, కంట్రోల్‌తో నొక్కే మీటలు, ఇప్పటిదాకా నేర్చుకున్నవి చాలావరకు అక్కడా పనిచేస్తాయి. ట్యాలీలో లెక్కలు రాసేవాళ్లు, అను ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్లు మాత్రం విండోస్‌లోనే ఉండండి, అవి విండోస్ కోసం చేసినవి.

ఎక్కించేటప్పుడు 'ఎరేజ్ డిస్క్' అని అడుగుతుంది. సరే అంటే డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది. అందుకని ముందే డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ నాలుగింటినీ వేరే డిస్కులోకి కాపీ చేసి, తెరిచి చూసుకోండి. ఎరువుల షాపు అన్న కంప్యూటర్‌కు టీపీఎమ్ లేదు. ఒక ఆదివారం షాపు కట్టేశాక ఆయన చేతే పెన్‌డ్రైవ్‌లోకి కాపీలు తీయించి, మింట్ ఎక్కించాం. కాపీలు వెనక్కి పెట్టాక ఆయనే డాక్యుమెంట్స్ తెరిచారు. 'అప్పుల ఖాతా 2025' మీద రెండుసార్లు నొక్కారు. లెక్కల పట్టికలు తెరిచే లిబ్రే ఆఫీస్‌లో నలభై పేర్లూ వరసగా తెరుచుకున్నాయి.